నీళ్లు తాగిన ఫోన్

పడవలంక, ఉత్తరపు వరస, చివరి నుంచి రెండో తెప్ప. రాస్తున్నది లంకే నాంచారమ్మ.

సోమవారం

తాళ్లు బాగున్నాయి. అడుగున తడి లేదు. డ్రమ్ములో మంచినీళ్లు సగానికి పైన.

తేలే ఊరు కదా, సంఘానికి కావలసినవి ఈ మూడు ముక్కలే. రోజూ రాయమన్నారు, రాశాను. మిగిలిన పేజీ నాది. చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

పొద్దున ఇడ్లీపిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. 'నిన్నటి డేటా కింద మీ ఇంటి మంచినీళ్లలో ఒక బిందె తీసివేయబడింది' అట. తీసివేయబడిందట! ఎవరు తీశారో చెప్పడానికి మాత్రం నోరు రాదు. నేనేమో డేటా ముట్టుకుని నాలుగు రోజులైంది.

ఇక్కడ డేటాకి డబ్బు పుచ్చుకోరు. పుచ్చుకుంటే అప్పోసప్పో చేసి కట్టేవాళ్లం. నీళ్లు పుచ్చుకుంటారు. సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే మిషనుకీ, పైనున్న ఉపగ్రహంతో మాట్లాడే టవరుకీ ఎండ ఇచ్చే కరెంటు ఒక్కటే ఆధారం. అక్కడ ఎక్కువ వాడితే ఇక్కడ తక్కువొస్తుంది. ఫోన్లో బొమ్మలు చూసే పిల్లల్ని ఇక్కడి తల్లులు "ఇప్పటికే రెండు గ్లాసులు తాగేశావ్, ఇక చాల్లే" అని కసురుతారు.

బిందె నీళ్లంటే నాకు వరసలో సగం మందికి ఇడ్లీలు. వాటాలో సగానికి మించి డేటా కింద పోయిందా, అమావాస్య దాకా కుళాయికి సీలు వేస్తారు. కుళాయి మూస్తే నా పొయ్యి మూసినట్టే. మా ఆయన వేటకెళ్లి ఇంకా రాలేదు. ఇంట్లో ఉన్నది నేనూ, మా మామయ్యా. ఇద్దరికీ ఆ పొయ్యే దిక్కు.

మంగళవారం

తాళ్లు బాగున్నాయి. అడుగున తడి లేదు. డ్రమ్ము సగానికి పైనే.

మళ్లీ ఇంకో బిందె పోయింది.

ఫోన్‌ని నేను ఇడ్లీ పడవలోకి తీసుకెళ్లను. ఒకసారి కొబ్బరిచట్నీలో పడి వారం రోజులు పలకలేదు. అప్పట్నుంచీ దాని చోటు కిటికీ గూడే. నేను ఇంటింటికీ ఇడ్లీల పంపకానికి వెళ్లాక దాని దగ్గర కూర్చునే మనిషి మామయ్య ఒక్కరే. ఆయనకి కబడ్డీ పిచ్చి. ఇంక దొంగ కోసం ఊరంతా వెతకడమెందుకని ఆయన్నే నిలదీశాను.

"మామయ్యా, నిజం చెప్పండి. నేను లేనప్పుడు ఆటలు చూస్తున్నారా?"

"చూడకపోతే నాకు పొద్దెలా పోద్దమ్మాయ్?"

"అయితే బిందె తాగింది మీరేనన్నమాట."

"పిచ్చిపిల్లా! అవన్నీ మావాడు ఒడ్డున ఉన్నప్పుడు దింపి పెట్టిన పాత ఆటలు. ఎవరు గెలుస్తారో నాకు ముందే తెలుసు. అందుకే గుండెదడ లేకుండా చూస్తున్నా."

నేను నమ్మలేదు. పంపకానికి వెళ్తూ ఫోన్‌ని గూట్లోనే ఉంచి, గూడు తలుపుకి తాళం వేశాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. చూద్దాం.

బుధవారం

తాళ్లు బాగున్నాయి. అడుగున తడి లేదు. డ్రమ్ము అలాగే ఉంది.

తాళం వేసిన గూట్లో ఉండి కూడా ఫోన్ బిందె నీళ్లు తాగింది. మామయ్య మీద లేనిపోని నింద వేసినందుకు పొద్దున్నే ఆయనకిష్టమైన ఉల్లికారం నూరి పెట్టాను. "బిందె దొరికిందా?" అని అడిగి, నేను బదులు చెప్పేలోపే ఇంకో ఇడ్లీ వేయించుకున్నారు.

పంపకం కాగానే ఇంటికొచ్చి, ఫోన్ తీసుకుని టవర్ తెప్పకి వెళ్లాను. అక్కడ ఫోన్ల సంగతి చూసే శేషగిరి నెమ్మదస్తుడు. నేను ఎక్కే మెట్టు చప్పుడుకే కుర్చీ జరుపుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"మీ టవరుకి దాహమేస్తే సముద్రం పక్కనే ఉందిగా శేషగిరి గారూ, నా డ్రమ్ము మీద పడ్డారేంటి?"

"టవరు తాగదండీ. మీ ఫోన్ అడిగిందే ఇస్తుంది. ఏదీ, సెట్టింగుల్లోకెళ్లండి. డేటా వాడకం అని ఉంటుంది చూడండి. ఏ యాప్ ఎంత మింగిందో అందులో ఉంటుంది."

చూశాను. అన్నిటికంటే పైన ఫొటోల యాప్ ఉంది. నేను తీసిన ప్రతి ఇడ్లీ ఫొటోనీ అది ఎక్కడో ఆకాశంలో దాస్తోందట. ఇడ్లీని ఎవరైనా దాచుకుంటారా? దాని కింద భజన గ్రూపు. అందులో ఎవరు ఏ వీడియో పెట్టినా, చూసినా చూడకపోయినా దిగిపోతుందట. ఆ కింద, నన్నడక్కుండానే తమంతట తామే కొత్తగా తయారయ్యే యాప్‌లు. వాటికి ముస్తాబు చేసుకోవడానికి నా నీళ్లే కావాల్సొచ్చాయి!

"ఫొటోలు దాచడం ఆపండి. వీడియోలు వాటంతటవి దిగకుండా ఆపండి. తక్కినవి ఉండనివ్వండి," అన్నాడు శేషగిరి.

నేను ఇంటికొచ్చి కనిపించినవన్నీ ఆపేశాను. సాయంత్రం మామయ్య ఆకాశం చూసి, "ఇవాళ వాతావరణం కబురు రాలేదేంటి?" అన్నారు. అదీ ఆపేశానన్నమాట. "ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది," అని ఆయనే దాన్ని మళ్లీ తెరిపించారు.

శుక్రవారం

తాళ్లు బాగున్నాయి. అడుగున తడి లేదు. డ్రమ్ము సగానికి పైన.

పోయేది బిందె నుంచి ముప్పావు బిందెకి తగ్గిందంతే. ఇడ్లీ ఫొటోలు తాగింది ఆ పావు. మిగతా ముప్పావు ఎవరు తాగుతున్నారు? ఇంకొక్క రోజు ఇలాగే పోతే కుళాయికి సీలు వేస్తామని హెచ్చరిక కూడా వచ్చింది.

ఇంకో విచిత్రం. రోజూ బిందె తీసివేయబడుతుంటే నా డ్రమ్ము ఈపాటికి ఖాళీ అయిపోవాలి. అదేమో సగానికి దిగనంటోంది. పిండి రుబ్బడంలో నా చెయ్యి పొదుపుగా తిరుగుతోందని నన్ను నేనే మెచ్చుకున్నాను. మామయ్యతో అంటే, "అంతే అంతే," అని అటు తిరిగి నవ్వుకున్నారు.

చివరి తెప్ప సువార్త వదిన వాళ్లింటికి ఇడ్లీలు పంపాలి. మొన్నటి గాలివానలో వాళ్ల సిగ్నల్ స్తంభం విరిగి సముద్రంలో పడింది. ఆ హోరులోనే ఆమె కూతురు దీవెనకి నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. పాప గుప్పెడంత ఉంది. మొదట్లో నాలుగు రోజులు నేనే వెళ్లి చూసొచ్చాను. ఈ బిందెల గొడవలో పడి తర్వాత అటు తొంగి చూడలేదు.

శనివారం

తాళ్లు చూడలేదు. దొంగ దొరికాడు!

శేషగిరి చూపించిన డేటా జాబితాలో నేను పై మూడే చదివాను. ఇవాళ పట్టుబట్టి అడుగు దాకా జరిపాను. అట్టడుగున, యాప్‌లన్నీ అయ్యాక విడిగా ఉంది హాట్‌స్పాట్. అంటే నా సిగ్నల్‌ని వేరేవాళ్లకి ఇచ్చే తలుపు. అది బార్లా తెరిచి ఉంది. 'అతుక్కున్న పరికరం: ఒకటి' అని, పేరు ఉండాల్సిన చోట ఏవో అంకెలు.

తెరిచింది నేనే. గాలివాన వచ్చినప్పుడు పడవలంకలో ఎవరూ ఇంటి తలుపు గడియ పెట్టరు. ఎవరి తెప్ప మునిగినా పక్క తెప్పలోకి దూకాలి కదా. అలాగే ఫోన్‌ తలుపూ తెరిచిపెడతాం, ఎవరి స్తంభం విరిగినా పక్కింటి సిగ్నల్‌తో కేకేసుకోవడానికి. గాలి తలుపు అంటాం దాన్ని. గాలి తగ్గాక ఎవరు తెరిచింది వాళ్లే మూసుకోవాలి. నేను మూయడం మర్చిపోయాను.

సరే, నేను మర్చిపోతే మాత్రం? గాలి వెళ్లిపోయి ఇన్నాళ్లయినా నా తలుపులోంచి దూరుతున్న మొహమాటం లేని మనిషి ఎవరు? ఎదుటి వరసలో వలలు బాగుచేసే కుర్రాళ్లు సినిమాలు చూస్తుంటారు. వాళ్లే అయ్యుంటారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి తలుపు మూసేశాను. వేలితో ఒక్క నొక్కు. ఇంత హాయి ఈ మధ్య ఎరగను.

మామయ్య ఏదో అనబోయారు. "రేపు మాట్లాడుకుందాం," అని పప్పు నానబోశాను.

ఆదివారం

తాళ్లు బాగున్నాయి. అడుగున తడి లేదు. డ్రమ్ము సంగతి కింద రాస్తాను.

పొద్దున ఇడ్లీ పడవ విప్పుతుంటే సువార్త వదిన చంకన బిందెతో వచ్చింది. నా డ్రమ్ము మూత తీసి, ఆ నీళ్లు అందులో పోసింది. రోజూ చేసే పనిలాగా పోసింది.

"ఏంటొదినా ఇది?" అన్నాను.

"ఇదే ఆఖరు బిందె వదినా. మేం ఒడ్డుకి పోతున్నాం."

నాకేం అర్థం కాలేదు. ఆమే చెప్పింది.

"నోటితో చెప్పకూడదని ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇక పోతున్నాం కాబట్టి చెప్తున్నా. పోయిన ఆదివారం పాప కాలికి డాక్టరమ్మ ఒక పట్టీ కట్టించింది, పాప ఊపిరీ గుండే ఎలా ఉన్నాయో అది దీవెన ఫోన్‌లోంచి ఒడ్డునున్న ఆస్పత్రికి చెప్తా ఉంటది. మా స్తంభం పోయింది. కొత్తది ఇంకా రాలేదు. నీ తలుపే లేకపోతే నా మనవరాలు ఏమైపోయేదో! రెండుసార్లు ఊపిరి తగ్గితే డాక్టరమ్మ ఫోన్ చేసి లేపింది మమ్మల్ని. రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటున్నాం. నీ ఇబ్బంది నీకూ ఉంటది కదా, ఎన్నాళ్లని ఇస్తావ్? నిన్న పట్టీ ఎర్రగా మారగానే అనుకున్నా, పాపం నాంచారమ్మకి కుళాయి మీదకొచ్చిందేమో అని. పట్టీ ఆగిపోతే ఒడ్డుకి తెచ్చెయ్యమంది డాక్టరమ్మ. పడవ సిద్ధంగా ఉంది."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆమె నా భుజం తట్టి వెళ్లిపోయింది.

మా వరసలో ఒక పద్ధతుంది. ఇచ్చినవాళ్లు ఇచ్చామని చెప్పుకోరు. పుచ్చుకున్నవాళ్లు నోటితో మెచ్చుకోరు, మెచ్చుకుంటే బాకీ చెల్లిపోయి బంధం తెగినట్టు. కానీ గిన్నె మాత్రం ఖాళీగా తిరిగివ్వరు. నా తలుపు తెరిచి ఉంటే నేను కావాలనే తెరిచి పెట్టాననుకుంది ఆమె. ఊరుకోక, నా నీళ్లు తరగకుండా నేను పంపకానికి వెళ్లినప్పుడల్లా తన వాటాలోంచి బిందె తెచ్చి పోసింది. బాలింత ఉన్న ఇంట్లోంచి! ఆ నీళ్లతో పిండి రుబ్బుకుంటూ నేను పొదుపరినని మురిసిపోయాను. బిందెలు పోయాయని ఊరంతా అరిచాను గానీ, బిందెలు వస్తున్నాయని ఒక్కసారైనా చూసుకోలేదు.

"మీరు చూశారా మామయ్యా?"

"రోజూ చూశాను."

"చెప్పరేం?"

"చెప్పకూడదని నువ్వే అంటావుగా. బాలింతకి నువ్వు పంపే ఇడ్లీలకి బదులనుకుని, నీ అంత మంచి కోడలు ఎవరికుందీ అని మురిసిపోయానమ్మాయ్. నిన్న నువ్వు తలుపు మూస్తుంటే, వాళ్ల స్తంభం ఇంకా రాలేదని చెప్పబోతే పప్పు నానబోసుకున్నావ్."

అప్పటికే వాళ్ల పడవ వరస దాటి కాలువ మొగ వైపు మళ్లింది. బయట సముద్రం తెల్లగా నురగలు కక్కుతోంది. అంత గాలిలో గుప్పెడు పసిగుడ్డుని, పట్టీ పలకని పసిగుడ్డుని తీసుకెళ్తున్నారు. దారిలో ఏమైనా అయితే చూసే దిక్కు లేదు. ఇదంతా నా ఒక్క నొక్కు వల్ల.

గూట్లోంచి ఫోన్ తీసి జాకెట్లో దోపుకున్నాను. ఇడ్లీ పడవలోకి దూకి తెడ్డేశాను. పాత్రలు దొర్లుతున్నాయి, చట్నీ కాళ్ల మీద పడుతోంది, నేను ఒకటే కేకలు. "వదినా! ఆగొదినా! దీవెనా, ఆపించమ్మా!" గాలికి నా కేక నాకే వినపడలేదు. వరసలో వాళ్లు విన్నట్టున్నారు. ఒకరి నుంచి ఒకరు అందుకుని అరిచారు. మొగ దగ్గర పడవ ఆగింది.

పక్కకి చేరి ఫోన్‌లో తలుపు తెరిచాను. ఇద్దరం, కాదు, అందరం పాప కాలి వైపు చూస్తున్నాం. పట్టీ ఎర్రగానే ఉంది. ఎర్రగానే ఉంది. ఆ తర్వాత ఒక్కసారిగా పచ్చబడింది. మరుక్షణం దీవెన ఫోన్ మోగింది.

"నిన్న సాయంత్రం నుంచి ఏమయ్యారమ్మా?" డాక్టరమ్మ గొంతు. "ఎక్కడున్నారు? ఆ గాలి చప్పుడేంటి?"

"పడవలో అండీ. మీ దగ్గరికే..."

"వద్దు. తిప్పండి. ఊపిరి కొంచెం తగ్గుతోంది, పాపకి చలేస్తోంది. చీర లోపలికి తీసుకుని నీ గుండెకి ఆనించుకో. తల కొద్దిగా పైకి. ఆఁ, అలాగే ఉండు. నేను చూస్తూనే ఉన్నాను."

దీవెన ఆనించుకుంది. కాసేపటికి డాక్టరమ్మ, "ఆఁ, వస్తోంది. బాగుంది. మెల్లగా ఇంటికెళ్లండి," అంది. సువార్త వదిన పడవ అంచు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆమెకంటే ఎక్కువే.

తిరిగొస్తుంటే రెండు పడవలనీ తాడుతో కలిపి కట్టాం, ఫోన్ దూరం కాకుండా. అప్పుడు చెప్పేశాను.

"వదినా, నేనేం ఇవ్వలేదు. మూయడం మర్చిపోయానంతే. నిన్న ఎవరో దొంగలనుకుని మూసేశాను. నువ్వు ప్రార్థనలో చెప్పుకున్న మనిషిని కాదు నేను."

ఆమె నా మొహం చూసింది. తిడుతుందనుకున్నాను.

"మర్చిపోయి ఇచ్చావో, గుర్తుండి ఇచ్చావో నాకెందుకొదినా? పిల్ల ఊపిరి పీల్చింది కదా," అంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇంత చట్నీ పారబోసుకుని తెడ్డేశావే, ఇది కూడా మర్చిపోయేనా?" అంది.

సోమవారం

తాళ్లు బాగున్నాయి. అడుగున తడి లేదు. డ్రమ్ము నిండుగా ఉంది.

సంఘానికి జరిగిందంతా చెప్పాను. నా కుళాయికి సీలు వేయడానికి వచ్చిన శేషగిరే సీలు జేబులో పెట్టుకుని, "వరసంతా తలా గ్లాసు పంచుకుంటే ఎవరికీ తెలియను కూడా తెలియదండీ," అన్నాడు. ఎదుటి వరస వలల కుర్రాళ్లు అందరికంటే ముందు పేర్లిచ్చారు. వాళ్లని మనసులో దొంగలన్నందుకు రేపట్నుంచి వాళ్ల పొట్లంలో ఇడ్లీ ఎక్కువ పెడుతున్నాను. ఎందుకని అడిగితే చెప్పను.

ఫోన్‌లో అతుక్కున్న పరికరానికి అంకెలుండే చోట 'పాప' అని రాశాను.

ఇక నా ఫోన్ పొద్దున్నే 'తీసివేయబడింది' అనగానే దణ్ణం పెట్టుకుంటాను. నీళ్లు పోయాయంటే పాప రాత్రంతా ఊపిరి పీల్చిందనేగా.

ఆ తర్వాతి పౌర్ణమి

తాళ్లు చూడలేదు. అడుగు చూడలేదు. ఎందుకో చెప్తాను.

పొద్దున పిండిలో చెయ్యి పెట్టి ఉన్నాను, ఫోన్ మోగింది. 'నిన్నటి డేటా కింద మీ మంచినీళ్లలో ఏమీ తీసివేయబడలేదు.'

పిండి చేత్తోనే శేషగిరికి ఫోన్ చేశాను.

"ఎందుకు తీయలేదు? నా బిందె ఎందుకు తీయలేదు?"

"తీస్తే తిడతారు, తీయకపోతే తిడతారు. ఏం చెయ్యమంటారు నాంచారమ్మ గారూ? వాడలేదు, తీయలేదు."

ఫోన్ అక్కడే పారేసి బల్లల వంతెన మీద పరిగెత్తాను. వెనక మామయ్య ఏదో అరుస్తున్నారు. సువార్త వదిన గుమ్మంలోనే కూర్చుని ఉంది, చేతిలో ఆ పట్టీ. కాలికి లేదు, చేతిలో ఉంది.

"కూర్చోవే తల్లీ," అంది గాభరాగా. "మొన్న రాత్రి డాక్టరమ్మ చెప్పింది. పాప బరువు పెరిగింది, ఇక దీంతో పని లేదు, విప్పెయ్యమంది. నిన్నంతా పట్టీ లేకుండా చూసుకుని, నీకు ఇవాళ ఇడ్లీల వేళకి చెప్దామనుకున్నా."

లోపల్నుంచి పాప ఏడ్పు మొదలైంది. ఎంత గొంతమ్మా అది! వరసలో నాలుగు తెప్పల అవతల వాళ్లు కూడా తలలు బయటపెట్టి చూశారు. అందరూ నవ్వుతున్నారు. నేను గుమ్మంలో కూలబడి, పిండి అంటిన చేతులతోనే మొహం కప్పుకున్నాను.

ఇంటికొచ్చేసరికి డ్రమ్ము దగ్గర తడి ఉంది. వదిన ఇవాళ కూడా నీళ్లు పోసి, బిందె ఇక్కడే వదిలి వెళ్లింది. నేను వెళ్లేలోపే పోసినట్టుంది. వాడుకున్నదేమీ లేని రోజు కూడా!

మామయ్య ఎత్తి పెట్టినట్టున్నారు, గూట్లో ఫోన్ వెలుగుతోంది. 'పరికరాలేవీ అతుక్కుని లేవు. హాట్‌స్పాట్ ఆపమంటారా?' అని అడుగుతోంది.

'వద్దు' నొక్కాను. ఆ బిందె తోమి, అందులో వేడి ఇడ్లీలు పెట్టి, వదిన వాళ్లింటికి బయల్దేరాను.